ధరణి పోర్టలులో నియమముల స్థానము

కామారెడ్డి జిల్లాలోని మహమ్మద్‌నగర్ మండలము ఒకప్పుడు నిజాంసాగర్ మండలములో భాగము. జిల్లాయును పాతది కాదు. 2016 అక్టోబరు 11న నిజామాబాదు నుండి వేరుపడినది. అనగా ఇచ్చటి రైతు పొలము ఉన్నచోటనే ఉన్నది గాని, దానిపై అధికారము గల కచేరీలు మారినవి. లెక్కలు కాగితముపై ఉన్న దినములలో, ఇట్టి మార్పు వచ్చినపుడు దస్త్రములను ఒక కచేరీ నుండి మరొక కచేరీకి చేర్చిన సరిపోయెడిది. నేడు ఆ లెక్కలు వెబ్ పోర్టలులో ఉన్నవి. “ఈ గ్రామము ఈ తహసీల్దారు క్రిందిది” అను నియమమును పోర్టలులో ఎచ్చట వ్రాసిరి? ఒక పట్టికలో వ్రాసియుంటే మార్పు కొద్దిసేపటి పని. ప్రోగ్రాములో పలుచోట్ల చల్లియుంటే నెలల పని.

ఒక సంస్థ తన వ్యవహారమును నడుపుకొను నియమములకు సాఫ్ట్‌వేర్ నిపుణులు బిజినెస్ లాజిక్ అని పేరు పెట్టినారు. వ్యాపారమునకే కాదు, ప్రభుత్వ కార్యాలయమునకును ఈ పేరే వర్తించును. వెబ్ పోర్టలులో ఈ నియమములు ఉండదగిన చోట్లు మూడు. మొదటిది బ్రౌజరు, అనగా పౌరుని కంటి ముందున్న తెర. రెండవది సర్వరులో నడచు ప్రోగ్రాము. మూడవది సమాచారము నిలువయుండు డేటాబేసు.

నిజాంసాగర్ ఆయకట్టు రైతునకు ఈ భేదము సులభముగా బోధపడును. జలాశయమునకు తూము ఉన్నది, ఉపకాలువకు తలుపు ఉన్నది, పొలము గట్టున మడవ ఉన్నది. నీటి పంపకమునంతను మడవ దగ్గరనే కట్టడి చేయబూనిన, పార చేతనున్న ప్రతివాడును దానిని మార్చగలడు. బ్రౌజరులోని నియమము అట్టిది. ఆ పుట వాడుకరి యంత్రములోనే ఉండును గనుక, తెలిసినవాడు దానిని తప్పించి నేరుగా సర్వరుకు సమాచారము పంపగలడు. ఫోను నంబరులో పది అంకెలున్నవా అని చూచుట వంటి సౌకర్యములకే ఆ చోటు తగును. నియమములన్నిటిని డేటాబేసులో పెట్టినచో భద్రత హెచ్చును గాని, వాటిని చదువుటయు, పరీక్షించుటయు, మార్చుటయు కష్టమగును. అందుచేతనే మార్టిన్ ఫౌలర్ 2002లోను, ఎరిక్ ఎవాన్స్ 2003లోను వెలువరించిన గ్రంథములు, వ్యవహార నియమములకు మధ్యనున్న ప్రోగ్రాములో ప్రత్యేకమైన పొర ఉండవలెనని బోధించినవి.

ఒక చిన్న లెక్క చూడుడు. తెలంగాణ రికార్డులలో 5 ఎకరముల 20 గుంటలను 5.20 అని వ్రాయు వాడుక ఉన్నది. ఎకరమునకు 40 గుంటలు. ఇందులో 2.30 అమ్మిన, మిగులునది 2 ఎకరముల 30 గుంటలు. కాని దశాంశ పద్ధతి మాత్రమే ఎరిగిన ప్రోగ్రాము 2.90 అని చెప్పును! ఈ తీసివేత తెరపై ఒక విధముగాను, సర్వరులో మరొక విధముగాను జరిగిన, రైతునకు ఒక పాసుపుస్తకము, కచేరీకి ఒక లెక్క ఏర్పడును. కావున గుంటల లెక్క ఒకేచోట వ్రాయబడవలెను. అమ్మిన భాగమును మిగిలిన భాగమును కలిసి మొదటి విస్తీర్ణమునకు సరిపోవలెనను నియమమును డేటాబేసు కూడ కాపాడవలెను. ఏ శాసనసభయు ఈ నియమమును మార్చదు. కనుక అది అట్టడుగున గట్టిగా ఉండుటయే మంచిది.

ఈ దృష్టితో ధరణి పోర్టలును పరిశీలింపవలెను. 2020 అక్టోబరు 29న ఇది ప్రారంభమైనది. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషనును తహసీల్దారు కచేరీకి తెచ్చి, రిజిస్ట్రేషను, పట్టా మార్పు రెండును ఒకేమారు జరుగునట్లు చేసినది. రిజిస్ట్రేషను ముగిసిన పిదప పేరు మార్పు కొరకు మరల తిరుగు శ్రమ తప్పినది. ఇది గొప్ప గుణము; విమర్శకుడు దీనిని మరువరాదు.

అయితే దోషములు రెండు ప్రధానముగా కనబడినవి. మొదటిది నిషేధపు జాబితాకు సంబంధించినది. ఒక సర్వే నంబరులో పది గుంటలు కాలువకు పోయినవనుకొందము. నిషేధము ఆ పది గుంటలకే తగును. కాని కొంత భాగము ప్రభుత్వముదైన చోట సర్వే నంబరంతయు జాబితాకు ఎక్కి, మిగిలిన పట్టాదారులకు అమ్మకము నిలిచిపోయినదన్న ఫిర్యాదులు రాష్ట్రమంతట వచ్చినవి. ఇచ్చట చట్టములో దోషము లేదు; నియమమును ఏ వస్తువునకు తగిలించిరన్నదానిలోనే దోషమున్నది.

రెండవది మరింత లోతైనది. 2020 నాటి చట్టములో రికార్డు తప్పులను సవరించుటకు తగిన మార్గము లేకపోయినది. పిమ్మట ఒక్కొక్క రకపు ఫిర్యాదునకు ఒక్కొక్క మాడ్యూలును పోర్టలులో చేర్చుచు వచ్చిరి. తన కష్టమునకు తగిన మాడ్యూలు తెరపై లేని రైతు, తహసీల్దారు ఎదుట నిలిచినను, “ఆప్షను లేదు” అన్న మాటతో వెనుదిరిగెను. తెరపై బొత్తము లేనిచో హక్కే లేనట్లయినది! తీర్పు చెప్పవలసిన అధికారి తెరను చదివి వినిపించువాడైనాడు. సవరణ అధికారము ఎక్కువగా కలెక్టరు చేతనుండుటచే దరఖాస్తులు పేరుకొన్నవి. 2024 ఫిబ్రవరి చివర ప్రభుత్వము ఆ అధికారములలో కొన్నిటిని తహసీల్దార్లకు, రెవెన్యూ డివిజనల్ అధికారులకు, అదనపు కలెక్టర్లకు పంచవలసి వచ్చినది. ఎవరు ఆమోదింపవలెనను నియమము ఇట్లు మారుచుండును గనుక, దానిని ప్రోగ్రాములో బిగింపక, తేదీతో కూడిన పట్టికలో ఉంచవలెను.

అధికారికి స్వేచ్ఛనిచ్చిన లంచమునకు తావిచ్చినట్లగునని, యంత్రము కఠినముగా నుండుటయే మేలని కొందరందురు. ఈ వాదమును తేలికగా కొట్టివేయరాదు. గుంటల లెక్క, ఒకే భూమిని ఇద్దరికి అమ్ముట వంటి విషయములలో యంత్రము కఠినముగానే ఉండవలెను. కాని తండ్రి పేరులో అచ్చుతప్పు, వారసుల తగవు, క్షేత్రమున అనుభవము వంటివి విచారణతో తేలవలసినవి. అచ్చట యంత్రము చేయదగిన పని తీర్పు కాదు. తీర్పు ఎవరిచ్చిరి, ఏ కారణమున ఇచ్చిరి, ఏనాడు ఇచ్చిరి అన్నది చెరగకుండ వ్రాసియుంచుటయే. లంచమునకు నిజమైన అడ్డు ఆ వ్రాతయు, దానిపై అప్పీలును.

2025 ఏప్రిల్ 14న అమలులోనికి వచ్చిన భూభారతి చట్టము సవరణకును అప్పీలుకును మార్గమిచ్చినది. తొలి ప్రయోగమునకు ఎన్నుకొన్న నాలుగు మండలములలో కామారెడ్డి జిల్లాలోని లింగంపేట ఒకటి. అధికారులు గ్రామములకు పోయి రెవెన్యూ సదస్సులలో దరఖాస్తులు స్వీకరించిరి. పోర్టలు నిర్వహణయు 2024 చివర ప్రైవేటు సంస్థ నుండి జాతీయ ఇన్ఫర్మాటిక్స్ కేంద్రమునకు మారినది. నియమములు ప్రోగ్రాములోనే దాగియున్న, నిర్వాహకుడు మారినపుడు వాటిని మరల త్రవ్వి తీయవలసి యుండును. అవి తెలుగులో చదువదగిన పత్రముగా కూడ ఉన్నచో ఆ చిక్కు ఉండదు.

పేరు మారినంత మాత్రమున పోర్టలు బాగుపడదు. మహమ్మద్‌నగర్ రైతు దానిని మూడు ప్రశ్నలతో పరీక్షింపవచ్చును. నా దరఖాస్తును ఏ నియమము ఆపినది? ఆ నియమము ఎచ్చట వ్రాసియున్నది? దానిని కాదనగల అధికారి ఎవరు? ఈ మూడింటికి తెర మీదనే జవాబు దొరకిననాడు నియమములు తమ చోట ఉన్నట్లు.