ముత్యాలసరములలోని శాస్త్రజ్ఞరూపము

శాస్త్రజ్ఞుఁడనఁగా నెట్టివాఁడో జనసామాన్యము శాస్త్రగ్రంథములవలనఁ గాక కథలవలనను, కావ్యములవలనను, పంచాంగశ్రవణమువలనను నెఱుఁగును. ఉత్తరాంధ్రమున నిందుల కుదాహరణము విజయనగరవాసియైన గురజాడ అప్పారావుగారి "ముత్యాలసరములు". హేలీ తోఁకచుక్క కనఁబడిన 1910వ సంవత్సరముననే వెలువడిన యీ ఖండకావ్యము ఛందోనూతనత్వముచేఁ బ్రసిద్ధము. అందలి శాస్త్రజ్ఞచిత్రణమును విమర్శార్హమే.

తోఁకచుక్క యుత్పాతమను భావము ప్రాచీనము. వరాహమిహిరుని బృహత్సంహితలోఁ గేతుచారమున కొక యధ్యాయమే కలదు. అప్పారావుగారి కావ్యనాయకుఁడు దీనిని నిరాకరించి, యా జ్యోతిని భూమిఁ జూడవచ్చిన దూరపుఁజుట్టముగాను, సంఘసంస్కరణమునకు ధ్వజముగాను భావించును. ఇచ్చట నొక సంశయము కలుగును. చుక్క యశుభమును సూచింపదన్నవాఁడు శుభమును మాత్రము సూచించునని యెట్లనును? నిమిత్తము తొలఁగలేదు, ఫలమే మాఱినది. ఇది రూపకమే కాని ఫలనిర్ణయము కాదని సమాధానము చెప్పవచ్చును. అది యుక్తమే.

ఇంతకంటె బలమైన యాక్షేపము వేఱొకటి కలదు. ఇంద్రియముల కందని పదార్థముల స్వరూపమును గ్రహింపఁగలవారు, అసత్యమును సహింపనివారు ఆంగ్లేయులనియు, వారి విద్యవలననే తనకు సత్యము తెలిసెననియు నా నాయకుఁడు చెప్పును. ఆంగ్లవిద్య వ్యాపించుచున్న కాలమున నీ పలుకు సహజమే. కాని దీనిచే శాస్త్రజ్ఞుఁడనిన విదేశీయుఁడే యను రూపము పాఠకుని మనస్సున నిలుచును. సమీపమునందలి విశాఖపట్టణముననే గోడే వెంకట జగ్గారావుగారు 1840లో వేధశాలను నెలకొల్పిరి. వారి యల్లుఁడు అంకితము వెంకట నరసింగరావుగారు 1874లో శుక్రుఁడు సూర్యబింబమును దాఁటుటను బరిశీలించిరి. ఈ తెలుఁగువారికిఁ గావ్యమునఁ జోటు దొరకలేదు. మఱియు 1910లోఁ దోఁకయందు విషవాయువు కలదని వర్ణపటపరీక్షచేఁ దేలఁగా నైరోపా, అమెరికా ఖండములందును జనులు భయపడిరి. వారికి మాత్ర లమ్మి ధనమార్జించినవారును గలరు. కావున భీతి యొక దేశమునకును, సత్యనిష్ఠ యొక జాతికిని సొత్తు కాదు.

శాస్త్రప్రామాణ్యము వక్తయందుఁ గాక గణనమందును, పరీక్షయందును నుండును. 1531, 1607, 1682 సంవత్సరములందుఁ గనఁబడిన చుక్క యొకటియేయని హేలీ పండితుఁడు 1705లో నిర్ణయించి, యది మరల వచ్చునని చెప్పెను. అతఁడు 1742లో గతించెను. చుక్క 1758లోఁ గనఁబడెను. గ్రహణమును గణించు సిద్ధాంతియుఁ దుదకుఁ బ్రత్యక్షమునకే తలయొగ్గవలెను. ఈ మార్గము కావ్యమునఁ గనఁబడదు. దాని ఫలము మాత్రమే కనఁబడును.

అయినను కవి సాధించినది స్వల్పము కాదు. భయమున్నచోటఁ గుతూహలమును నిలిపెను. ఆ కుతూహలము వేఱొక యంధవిశ్వాసముగా మాఱక పరీక్షాశీలముగాఁ బరిణమించునట్లు చేయుట యీ కావ్యమును బోధించు పండితుల కర్తవ్యము.