కథ ముగిసిన మర్నాడు

తాగుడు మీద తెలుగులో వచ్చిన కథలూ నాటికలూ ఒకచోట పోస్తే పెద్ద గుట్టే అవుతుంది. ఆ గుట్టలో చాలావాటికి ముగింపులు రెండే. తాగినవాడు రక్తం కక్కుకుని చనిపోతాడు. లేదా బిడ్డ జ్వరంతో మూలుగుతుంటే కళ్లు తెరుచుకుని, సీసా గోడకేసి కొట్టి, భార్య చేతిలో చెయ్యేసి ఒట్టు పెడతాడు. మొదటిది విషాదాంతం, రెండోది సుఖాంతం. రెండూ నన్ను నమ్మించలేదు. రెండోది నమ్మించకపోవడమే కాదు, ప్రమాదకరం కూడా అని ఇప్పుడు అనిపిస్తోంది.

మొదట ‘దేవదాసు’ సంగతి. శరత్ నవల చదివినవాళ్ల కంటే 1953లో వేదాంతం రాఘవయ్య తీసిన సినిమా చూసినవాళ్లే మనలో ఎక్కువ. అక్కినేని బరువెక్కిన రెప్పలతో, తూలే నడకతో తాగుడుకి ఒక అందం వచ్చిపడింది. ఆ తాగుడు ప్రేమకు రుజువు. తాగేవాడు జమీందారు బిడ్డ కనక బియ్యం డబ్బా అడుగంటిందన్న బెంగ కథలోకి రాదు. పార్వతికి వేరేచోట పెళ్లయింది కనక వాంతి తుడిచే పని ఆమెకు పడలేదు. చంద్రముఖి సేవ చేసింది, నిజమే. ఆ సేవ కూడా అతని గొప్పతనం ఖాతాలోనే జమ అయింది. మనం కథంతా అతని భుజం మీద నుంచే చూస్తాం.

గురజాడ ఇంతకంటే గడుసువాడు. ‘కన్యాశుల్కం’లో సారా దుకాణం రంగం గుర్తుందా? పోలీసు హెడ్డూ, హవల్దారూ, బైరాగీ ఒకచోట చేరి తాగుతూ వేదాంతం మాట్లాడతారు. తాగుబోతును గొప్పవాణ్ని చెయ్యకుండా, బూచినీ చెయ్యకుండా, చట్టం కాపాడవలసినవాడే దుకాణంలో కూర్చున్నాడని నవ్వుతూ చూపించాడు. మద్యం మీద తెలుగులో ఇంత చురుకైన రంగం మరొకటి నాకు కనబడలేదు. అయినా ఆ రంగంలోకి ఆ మగవాళ్ల ఇళ్లలో నుంచి ఎవరూ రారు. గురజాడ వంటివాడికే ఆ తలుపు తెరవాలని తోచలేదంటే తక్కినవాళ్లను ఏమనగలం!

ఆ తలుపు తెరిచిన రచన ఒకటుంది. నేను చూసిన కథాసంకలనాల్లో అది లేదు. నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో, అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న ఆడవాళ్ల కోసం వేసిన వాచకంలోని పాఠం, సీతమ్మ కథ. ఊళ్లో సారా కొట్టు మూయించిన ఆడవాళ్ల కథ అది. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదువుకుని, ఆ ఊళ్లో అయిన పని మన ఊళ్లో ఎందుకు కాదని అడిగారు. 1992లో ఊళ్లోకి సారా రానివ్వకుండా అడ్డుకున్నారు. దూబగుంట రోశమ్మ పేరు మోగింది. మాట ఊరూరూ పాకింది. జిల్లాలో సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది.

ఉద్యమ చరిత్ర చాలామంది రాశారు. నా ఆసక్తి పాఠం మీద. ఇన్ని కథలు చెయ్యలేని పని అది ఎలా చేసింది? ఒకటి, చూపు ఇంటి వైపు నుంచి ఉంది. రెండోది ఇంకా ముఖ్యం. మన కథల్లో తగువు మొగుడి గుణంతో. ఈ పాఠంలో తగువు కొట్టుతో. గుణం మార్చమంటే ఆడది ఏడవాలి, ఉపవాసాలు ఉండాలి, ఒట్టు పెట్టించుకోవాలి. కొట్టు మూయించాలంటే పక్కింటామెను పిలిస్తే చాలు. ఒక్కొక్క ఇంటి గుట్టుగా దాచుకున్న బాధకు ఊరంతటికీ ఒకటే చిరునామా ఉందని ఆ పాఠం చూపించింది. ప్యాకెట్లలో సారా పోసి ఊళ్ల దాకా చేర్చింది సాక్షాత్తూ ప్రభుత్వమే కదా, ‘వారుణి వాహిని’ అని ముద్దుపేరు పెట్టి.

ఇక దాని లోటు. 1995 జనవరిలో అక్కడ సంపూర్ణ మద్యనిషేధమే వచ్చింది, 1997లో పోయింది. ఎందుకు పోయిందంటే ఆదాయమనీ, దొంగసరుకనీ చెబుతారు, అవీ నిజాలే. కాని కథ రాసేవాళ్లు పట్టించుకోవలసింది వేరే ఉంది. కొట్టు మూసిన మర్నాడు, ఇరవై ఏళ్లుగా తాగుతున్న మనిషి ఒంట్లో ఏం జరుగుతుంది? సీతమ్మ పాఠం అక్కడిదాకా పోదు. సీసా పగలగొట్టే మన సుఖాంతాలైతే అసలే పోవు.

జరిగేది ఇది. మద్యం మెదడును మందగింపజేస్తుంది. రోజూ పడుతుంటే, ఆ మందం మీదనే నడవడానికి మెదడు తనను తాను ఎగదోసుకుంటుంది. మద్యం హఠాత్తుగా ఆగితే ఎగదోపు మిగులుతుంది, పట్టి ఉంచేది పోతుంది. కొన్ని గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తరవాత కొందరికి లేనివి కనబడతాయి, మనుషులను పోల్చుకోలేరు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఒట్టు నిలబెట్టుకోవాలని భర్తను గదిలో పెట్టి గొళ్లెం వేసిన ఇల్లాలు ఆ వణుకు చూసి ఏమనుకుంటుంది? దయ్యం పట్టిందనో, నాటకమాడుతున్నాడనో. మన కథలు ఆమెకు వేరే ఏమీ నేర్పలేదు. బాగా అలవాటుపడ్డవాడు మానాలంటే వైద్యుడి కనుసన్నల్లో మానాలి. వణుకు అణచే మందులూ, బి1 విటమినూ ఇచ్చి కొన్నాళ్లు కనిపెట్టుకుని ఉంటారు. ఆ తరవాత మళ్లీ తాగవచ్చు, మళ్లీ మానవచ్చు. అదీ జబ్బు నడకే, మాట తప్పడం కాదు.

రక్తం కక్కుకునే విషాదాంతానికి శరీరశాస్త్రం ఆధారం ఉందని ఒప్పుకోవాలి. కాలేయం గట్టిపడితే దాని గుండా పోవలసిన రక్తం వెనక్కి తన్ని, అన్నవాహికలో నరాలు ఉబ్బి పగులుతాయి. కాని దానికి ముందు ఏళ్లతరబడి నడిచే కథ మాటేమిటి? మద్యం కాన్సర్ కారకమని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. ఇంత తాగితే ఫరవాలేదనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది.

మద్రాసులో 1980లో టి.టి. రంగనాథన్ పేరుతో ఈ జబ్బుకు వైద్యసంస్థ పెట్టిన శాంతి రంగనాథన్, భర్త తాగుడుకు బలైన తరవాత ఆ పనికి దిగారు. ఇంటి వైపు నుంచి మొదలై మర్నాటిదాకా నడిచిన కథ అంటే అది. మన రచయితలెవరికీ అది కథావస్తువుగా తోచకపోవడం నాకు వింతే.

ఇప్పుడు మన రాజపాళయం మాట. 1937లో రాజాజీ సేలంలో మొదలుపెట్టిన మద్యనిషేధం, ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ప్రధానిగా ఉండగా 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతా పరుచుకుంది. ఆయన తరవాత 1949 నుంచి 1952 దాకా ఆ కుర్చీలో కూర్చున్నది మన ఊరి పి.ఎస్. కుమారస్వామి రాజా. అప్పటికి నెల్లూరూ మద్రాసులోదే. దూబగుంటకూ మనకూ ఒకే చట్టం! తమిళనాట 1971లో గేట్లు ఎత్తారు, దించారు, మళ్లీ ఎత్తారు. 2003 నుంచి చిల్లర అమ్మకం కూడా టాస్మాక్‌దే. 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా తాగి అరవై మందికి పైగా పోయారు. ఆ సారా ప్యాకెట్లలో వచ్చిందని చదివినప్పుడు నాకు నెల్లూరే గుర్తుకొచ్చింది.

నెల్లూరు పాఠం పనిచేసింది చదివినవాళ్లు తామే అక్షరం పట్టుకున్నందువల్ల. మన ఇళ్లలో ఆడవాళ్ల నోట తెలుగు ఉంది, చేతిలో తమిళ లిపి ఉంది. 2006 చట్టం తరవాత బడిలో తెలుగు అక్షరం ఇంకా పలచబడింది. మరి ఈ పత్రికలో అచ్చయ్యే తాగుడు కథ ఎవరు చదువుతున్నారు? నాలాంటి మగవాళ్లు నలుగురు. నాలుగు వీధుల ఆడవాళ్లు కూర్చున్నచోట ఒకరు పైకి చదివితే తక్కినవాళ్లు వింటారు, భాష వాళ్లదే. కథ రాసేవాళ్లు ఆ చెవుల కోసం రాయాలని నా కోరిక. అందులో మొగుడు ఒట్టు పెట్టడం రెండో పేజీలో అయిపోవాలి. మూడో పేజీలో తెల్లవారాలి, అతని చేతులు వణకాలి, ఆమె గొళ్లెం తీసి ఆస్పత్రికి బండి పిలవాలి.