సింగి మాట ఎక్కడ?

ప్రజల భాషలో రాయాలన్నది 1943 తెనాలి మహాసభ నాటి నుంచి అభ్యుదయ రచయితలు నమ్మిన సూత్రం. ఏ ప్రజలు, ఏ భాష అన్న ప్రశ్నకు మాత్రం మన సాహిత్యం సగం జవాబే చెప్పింది.

బందరు, గుడివాడ, దివిసీమ ఊళ్లలో బుట్టలల్లి, పందుల్ని మేపి, సోది చెప్పి బతికిన ఎరుకలవారికి తెలుగు బజారు భాష. ఇంటి భాష వేరు. దాన్ని కుర్రు అంటారు. అది తమిళానికి దగ్గరి ద్రావిడ భాష. గ్రియర్సన్ భాషా సర్వే 1906 సంపుటంలో తమిళ మాండలికంగా చేర్చారు.

ఈ డెల్టాలోనిదే కూచిపూడి. యక్షగానాలు, కొరవంజులు ఎరుకలసానిని రంగస్థలం మీదికి తెచ్చాయి. శ్రీనివాస కల్యాణ కథలో దేవుడే ఆమె వేషం కడతాడు. గిరాకీ తెలుగువారు గనుక, సోది తెలుగులో చెప్పడం సహజమే. కాని సింగి, సింగడు తమలో తాము కలహించుకొనేటప్పుడు కూడా తెలుగే మాట్లాడతారేం? నేను చదివిన, చూసిన వాటిలో ఆ పాత్రకు గద్దెబుట్ట, పచ్చబొట్టు, యాస ఇచ్చారు, భాష ఇవ్వలేదు. ఆమె వేషం కళకు పనికొచ్చింది, ఆమె మాట పనికిరాలేదు.

మరి ఈ జనాన్ని గురించి రాసిపెట్టినదెవరు? 1892లో మద్రాసు పోలీసు అధికారి ముల్లాలీ వారిని నేరస్థ వర్గాల పుస్తకంలోకి ఎక్కించాడు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. దేశమంతటా అది 1952లో గాని రద్దు కాలేదు. పట్టుకోవడానికి రాసిన రాతలో మనిషి జాడ ఉంటుంది గాని, మనిషి గొంతు ఉండదు.

దీనికి భిన్నమైన దారి మనకు తెలియనిది కాదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో సవరల మధ్య కూర్చుని వారి భాష నేర్చారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. ఏటా ఆగస్టు 29న ఆయన వ్యావహారికోద్యమానికి దండలు వేస్తాం. సవర భాష కోసం ఆయన పడిన శ్రమ కూడా ఆ ఉద్యమంలో భాగమేనని మరిచిపోతాం.

చిన్న భాషల్ని పట్టించుకుంటే శ్రామిక ఐక్యత చెదురుతుందని కొందరు మిత్రుల వాదన. ఒకరి భాషను మింగి నిలిచే ఐక్యత పెద్దవాడి ఐక్యతే.

ఎరుకల కుటుంబాల నుంచి వచ్చిన విద్యార్థులు తమ అవ్వల కథల్ని కుర్రులోనే, తెలుగు లిపిలో రాయాలి. మన పత్రికలు వాటిని ముందు వేసి, పక్కన తెలుగు అనువాదం ఇవ్వాలి. సింగి తన మాటల్లో సింగడిని తిట్టిన రోజున మన విమర్శ కొలమానాలు కూడా మారక తప్పదు.