తెరమీది వరవిక్రయము

కళ సంఘమునకు దర్పణ మందురు. ఈ మాట సత్యమే. కాని దర్పణమునందు పొరుగువాని మొగమును మాత్రము చూచి, తన మొగము చూచుకొనక మరలువారును గలరు. తెలుగు చలనచిత్రములను చూచుటలో మన కీ యలవాటు మొదటినుండియు నున్నదని మా తలంపు.

1932లో విడుదలయైన 'భక్తప్రహ్లాద' మొదలు కొన్నియేండ్లు మన మాటాడు బొమ్మలు పురాణగాథలనే యాశ్రయించినవి. రంగస్థలమున జనులకు పరిచితములైన కథలు, పద్యములు, నటులు తెరమీదికి వచ్చుటయే యిందులకు కారణము. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారి 'మాలపిల్ల', 1939లో సి. పుల్లయ్యగారి 'వరవిక్రయము' మన యిండ్లలోని దోషములను మన యెదుటికి తెచ్చినవి. ఈ రెండవది కాళ్లకూరి నారాయణరావుగారి ప్రసిద్ధనాటకమే.

'వరవిక్రయము'ను ఇటీవల మరల చూచితిమి. పురుషోత్తమరావు మర్యాదస్థుడు, కట్నమును గర్హించువాడు. అయినను కూతురి పెండ్లికై కట్నపుసొమ్ము సమకూర్ప సిద్ధపడును. ఆ యవమానమును సహింపజాలక పెద్దకూతురు కాళింది ప్రాణములు విడుచును. చిన్నకూతురు కమల పెండ్లియాడి, కొనబడిన వరుడు కొన్నవారి సొత్తే గదా యని వాదించి, అమ్మినవారిని సిగ్గుపఱచును. కథ కన్నీటితో ముగియక, ఆడుపిల్ల న్యాయమడుగుటతో ముగియుట యీ కృతికి గల గొప్పగుణము. కమల వేడుకొనదు; బేరగాండ్ర తర్కమునే బేరగాండ్రపై ప్రయోగించును.

ఇక లోపము. వరునిపక్షమున నున్న లింగరాజు పిసినిగొట్టుతనమునకు ప్రేక్షకుడు కడుపుబ్బ నవ్వును. నవ్వి, తా నట్టివాడు గాడను తృప్తితో నింటికి పోవును. కాని కట్నము లోభులవలననే నిలిచియుండలేదు. పురుషోత్తమరావువంటి సజ్జనులు లోకాచారమని చెల్లించుటవలనను, చదువుకొన్నవారు చూచియు నూరకుండుటవలనను నిలిచియున్నది. ఈ కథలో మిక్కిలి భయంకరమైన సంగతి లింగరాజు లోభము కాదు, పురుషోత్తమరావు మంచితనము. నవ్వుల నడుమ నది మన కంటికి తప్పిపోవుచున్నది.

'మాలపిల్ల' యందును నిట్టి చిక్కే కలదు. తాపీ ధర్మారావుగారు పాత్రలచే వాడుకభాషను పలికించిరి. గ్రాంథికమును విడువలేని మావంటివారు సైతము ఆ పలుకుల జీవమునకు తలయొగ్గవలసినదే. కాని శాస్త్రిగారి యింటికి నిప్పంటుకొనగా, హరిజను డొకడు మంటలలో దూకి ఆయన భార్యను రక్షించినపిమ్మటనే శాస్త్రిగారి మనసు మారును. మనుష్యుడు మనుష్యుడుగా నంగీకరింపబడుటకు మంటలలో దూకవలెనా? దూకని రోజున నాతని హక్కేమగును? ఆ కాలమున నంతమాత్రము చూపుటయే సాహసమని మే మెఱుగుదుము. అయినను నేటి పాఠకుడు ఈ ప్రశ్న వేసికొనక తప్పదు.

మా సంగతియు చెప్పవలసియున్నది. పదునైదేండ్ల క్రిందట మా కుటుంబమున నొక పెండ్లి జరిగినది. మేము వరునిపక్షము. పెద్దలు కట్నమనలేదు, కానుక లనిరి. సొమ్ము చేతులు మారినది. 1961 నాటి వరకట్న నిషేధశాసనమును తరగతిలో బోధించు మేము తాంబూలమందుకొని తలవంచుకొని కూర్చుంటిమి. తరువాత వధువు తండ్రి తన యిల్లమ్ముకొనెనని తెలిసినది. మొన్న తెరమీద లింగరాజును చూచి మా యింటివారందఱు నవ్వుచుండగా, మాకు నవ్వు రాలేదు.

కావున ఈ చిత్రమును పాఠకు లింటిల్లిపాదియు చూడవలెనని కోరుచున్నాము. ముఖ్యముగా పెండ్లికెదిగిన కొడుకు గల యిండ్లవారు చూడవలెను. చూచినపిమ్మట, సంబంధము మాటాడువారు గడప త్రొక్కకముందే, తండ్రి కొడుకును పిలిచి యొక్కమాట చెప్పవలెను: "నాయనా, నీకు వెల లేదు." ఆ మాట చెప్పలేనివా రెంత నవ్వినను ఆ చిత్రమును చూడనివారే.