పాఠం 6: తెలుగు స్లైడు – అక్షరాల అమరిక, ఖాళీల విలువ

6.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• స్లైడు మీది అక్షరాల అమరికను విమర్శకుడి కన్నుతో చూడగలుగుతారు.
• తెలుగు లిపికి వరుసల మధ్య ఎక్కువ ఎడం ఎందుకు కావాలో వివరించగలుగుతారు.
• వాక్యాన్ని ఎక్కడ విరవాలో అర్థాన్ని బట్టి నిర్ణయించగలుగుతారు.
• ఒక స్లైడును పరిశీలించి, లోపాలు చెప్పి, సరిదిద్దగలుగుతారు.

6.1 పరిచయం

విమర్శ అనగానే మీకు కవిత్వం, కథ, నవల గుర్తుకు వస్తాయి. ఈ పాఠంలో మాత్రం స్లైడును విమర్శకు తీసుకుంటున్నాం. ఇవాళ రైతు శిక్షణలో, బడిలో, ఆరోగ్య కేంద్రంలో, మహిళా సంఘాల సమావేశంలో గోడ మీద పడే తెలుగు వాక్యాలను చదివేవాళ్లు చాలామంది. ఆ వాక్యాలు ఎవరూ విమర్శించని వాక్యాలు. ఎవరో టైపు చేస్తారు, ఎవరో చూపిస్తారు, లైట్లు వేస్తారు, అందరూ లేచిపోతారు. అందులో అవసరమైన మాట చూసేవారికి అందకపోతే నష్టపోయేది రాసినవారు కాదు, చూసినవారు.

చర్చ గాలిలో తేలకుండా ఉండటానికి ఒక ఊరిని దృష్టిలో పెట్టుకుందాం. సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్ పక్కన ఉన్న కోహీర్ మీకు తెలిసే ఉంటుంది. ఎర్రనేలలు, జామతోటలు ఆ ఊరికి గుర్తు. అక్కడ తెలుగుతో పాటు ఉర్దూ కూడా నిత్య వ్యవహారంలో ఉంది, కన్నడ సరిహద్దు దూరం కాదు. అలాంటి చోట ఒక సమావేశంలో కూర్చున్నవారందరూ తెలుగును ఒకే వేగంతో చదవరు. కాబట్టి స్లైడు మీది తెలుగు ఎలా ఉండాలన్న ప్రశ్నకు అక్కడ బరువు ఎక్కువ. మీది వేరే మండలమైతే ఆ పేరు పెట్టుకొని చదవండి.

6.2 కొలమానం: 'సంఘం షాట్'

విమర్శకు ఒక కొలమానం కావాలి. దానికోసం దూరం వెళ్లనవసరం లేదు. జహీరాబాద్ మండలంలోని పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత మహిళా రైతులు వీడియో తీయడం నేర్చుకున్నారు. వారిలో చాలామందికి అక్షరాలు రావు. 2008లో మాచునూరులో మొదలైన సంఘం రేడియోను నడిపేది కూడా ఆ సంఘాల మహిళలే. కెమెరా కోణాలకు వారు తమ అనుభవం నుంచి పేర్లు పెట్టుకున్నారు. ఎదుటి మనిషి కళ్లకు సమానమైన ఎత్తులో తీసే షాటు 'సంఘం షాట్', ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. ఒకరు ఎత్తున, ఒకరు పల్లాన కనిపించే షాటుకు 'పటేల్ షాట్' అన్నారు.

ఈ పేర్లలో ఒక విమర్శ సూత్రమే ఉంది. చూపే పద్ధతిలో చూపేవారికీ చూసేవారికీ మధ్య సంబంధం బయటపడుతుంది. దీన్ని స్లైడుకు అన్వయించండి. కిక్కిరిసిన అక్షరాలతో, ఎనిమిది అంశాలతో ఉన్న స్లైడు చూసేవారితో ఏమంటోంది? 'నాకు చాలా తెలుసు, అందుకోవడం మీ పని' అంటోంది. అది పటేల్ షాట్. వెనక వరుసలో కూర్చున్నవారు కూడా చదవగలిగే సైజులో, ఒక విషయం తరువాత ఇంకొకటి చెప్పే స్లైడు సంఘం షాట్. ఈ పాఠంలో ప్రతి స్లైడునూ ఈ ప్రశ్నతోనే పరీక్షిద్దాం.

6.3 ఒక స్లైడు, ఏడుగురి ప్రాణాలు

స్లైడు అమరిక మీద ప్రపంచంలో ఎక్కువగా చర్చకు వచ్చిన ఉదాహరణ కొలంబియా వ్యోమనౌకది. 2003 జనవరి 16న అది బయలుదేరినప్పుడు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కను తాకింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే బోయింగ్ ఇంజనీర్లు ఆ దెబ్బ ఎంత ప్రమాదకరమో పరిశీలించి, స్లైడ్ల రూపంలో నాసాకు నివేదించారు. ప్రమాదం లేదన్న నిర్ణయం జరిగింది. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ నౌక ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు.

అమెరికా విమర్శకుడు ఎడ్వర్డ్ టఫ్టే ఆ స్లైడ్లలో ఒకదాన్ని వరుస వరుసగా విశ్లేషించాడు. విచారణ సంఘం అదే ఏడాది ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఆ విశ్లేషణకు చోటిచ్చింది. ఆ స్లైడును మనమూ చదువుదాం. శీర్షికలో పెద్ద అక్షరాలతో ఉన్నది ధైర్యం చెప్పే మాట. దాని కింద అంశం, ఉప అంశం, దానికి మళ్లీ ఉప అంశం. మెట్టు దిగిన కొద్దీ అక్షరాలు చిన్నవయ్యాయి. అన్నిటికంటే కింద, చివరి వరుసలో అసలు విషయం ఉంది. నౌకను తాకిందని అంచనా వేసిన ముక్క 1,920 ఘనపుటంగుళాలు. లెక్కలకు ఆధారమైన ప్రయోగాల్లో వాడినది 3 ఘనపుటంగుళాలు. అంటే 640 రెట్ల తేడా. ఆ ప్రయోగాలు ఈ దెబ్బకు వర్తించవని చెప్పే ఆ ఒక్క అంకె చిన్న అక్షరాల్లో అడుగున పడి ఉంది.

ఈ ప్రమాదానికి స్లైడు ఒక్కటే కారణం కాదు. నిర్ణయాలు తీసుకున్న పద్ధతిలోనే లోపాలున్నాయని నివేదిక చెప్పింది. స్లైడు చేసిన పని ఒకటే. అనుమానించవలసిన చోట అనుమానం రాకుండా చేసింది. ఆ స్లైడులో అబద్ధం లేదు, ఉండవలసిన సమాచారమంతా ఉంది. అయినా అది అందలేదు. 'రాశాం కదా' అనడం, 'అందింది' అనడం వేరువేరని దీన్నిబట్టి మీరు గుర్తుంచుకోవాలి.

టఫ్టే ఇందులో ఎక్కువ తప్పు పవర్‌పాయింట్ అనే సాధనానిదే అన్నాడు. ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. సాధనం దారి చూపుతుంది, నడిచేది మనిషి. అయితే ఆ దారి ఏ భాష కోసం వేశారన్న ప్రశ్న తెలుగువారిగా మనం తప్పక అడగాలి.

6.4 తెలుగు లిపి, వరుసల ఎడం

రోమన్ లిపిలో అక్షరాలు చాలావరకు పక్కపక్కన నిలబడతాయి. తెలుగు అక్షరం పైకీ కిందికీ కూడా పెరుగుతుంది. 'స్త్రీ' అన్న మాట చూడండి. పైన గుడిదీర్ఘం, కింద తావత్తు, రావత్తు. 'రాష్ట్రం'లో ష కింద రెండు వత్తులు. ఒక వరుసలో వత్తులు కిందికి దిగి, తరువాతి వరుసలో గుడులు పైకి లేస్తే రెండూ ఒకదానికొకటి తగులుతాయి. వత్తు ఏ వరుసదో, గుడి ఏ వరుసదో కన్ను వెతుక్కోవాలి.

ఇప్పుడు సాధనం ఏం చేస్తోందో గమనించండి. పవర్‌పాయింట్ 2013 నుంచి ఖాళీ ప్రెజెంటేషన్ తెరిస్తే వచ్చే థీమ్‌లో శీర్షిక 44 పాయింట్లు, మొదటి స్థాయి అంశం 28 పాయింట్లు ఉంటాయి. వరుసల ఎడం 0.9, అంటే మామూలు ఎడం కంటే పది శాతం తక్కువ. ఇంగ్లీషుకు ఇది ముచ్చటగా కుదురుతుంది. అదే పెట్టెలో తెలుగు పోస్తే ఊపిరాడదు. పైగా మీరు అంశాలు పెంచుతూ పోతే ఆటోఫిట్ అనే సదుపాయం అక్షరాల సైజునూ, దాంతోపాటు వరుసల ఎడాన్నీ తగ్గిస్తుంది. ఎడంలో ఈ తగ్గింపు 20 శాతం దాకా వెళ్లవచ్చు. 'పట్టింది కదా' అని మనం సంతోషిస్తాం. నిజానికి పట్టలేదు, నొక్కి పెట్టారు.

ఎడం ఎంత ఉండాలి? అన్ని ఫాంట్లకూ ఒకే అంకె చెప్పలేం. గౌతమి ఫాంటు తన వరుసకు చాలా ఎత్తు తీసుకుంటుంది, నిర్మలా యూఐ అంత తీసుకోదు. సిలికానాంధ్ర చొరవతో వెలువడిన ఫాంట్లలో మండలి పాఠ్యానికి అనువైనది, రామభద్ర లావుగా ఉండి శీర్షికకు నప్పుతుంది. కాబట్టి ఈ చిన్న పరీక్ష చేయండి. పై వరుసలో 'రాష్ట్రం', సరిగ్గా దాని కింది వరుసలో 'స్త్రీ' టైపు చేయండి. పై వత్తుకూ కింది గుడికీ మధ్య ఖాళీ స్పష్టంగా కనిపించేదాకా ఎడం పెంచండి. చాలా ఫాంట్లకు 1.1 నుంచి 1.2 దగ్గర కుదురుతుంది.

అక్షరాల సైజు గురించి ఒక హెచ్చరిక. తెలుగులో కొన్ని అక్షరాల మధ్య తేడా గీతంత. ప, వ చూడండి. చిన్న సైజులో, లావు అక్షరాల్లో, మసకబారిన ప్రొజెక్టరు వెలుగులో 'పంట' కాస్తా 'వంట' అవుతుంది. ద, ధల మధ్య తేడా కింది చిన్న గీత ఒక్కటే. లావు చేస్తే అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి. కనుక నొక్కి చెప్పదలచిన మాటను లావు చేయడం కంటే, దాని చుట్టూ ఖాళీ వదలడం మేలు.

6.5 వాక్యాన్ని ఎక్కడ విరవాలి?

ఇది పూర్తిగా తెలుగు సమస్య. ఇంగ్లీషులో 'వద్దు' అనే మాట క్రియకు ముందే వస్తుంది. తెలుగులో క్రియ చివర, కాదనడం క్రియకూ చివర. 'కోయ రాదు', 'వాడ వద్దు', 'కలప కూడదు' అని విడదీసి రాస్తే, పెట్టె అంచు తగలగానే కంప్యూటరు రెండో మాటను కింది వరుసకు తోస్తుంది. పైన 'కాయలు కోయ' అని ఒక వరుస, కింద ఒంటరిగా 'రాదు'. తలెత్తి ఒక్క చూపు చూసి మళ్లీ నోట్సులో పడేవారికి మిగిలేది ఏది?

అందువల్ల వ్యతిరేకార్థాన్ని క్రియతో కలిపి ఒకే మాటగా రాయండి: 'కోయకూడదు', 'వాడవద్దు'. వరుస ఎక్కడ ఆగాలో మీరే నిర్ణయించండి. షిఫ్ట్ నొక్కి పట్టి ఎంటర్ కొడితే కొత్త అంశం మొదలుకాకుండా వరుస మాత్రం విరుగుతుంది. చదివేవారు ఊపిరి ఎక్కడ ఆపుతారో అక్కడ విరవండి. పేరూ విభక్తీ, అంకే దాని కొలతా విడిపోకూడదు. 'లీటరు నీటికి 2' అని ఒక వరుసలో, 'మిల్లీలీటర్లు' అని మరో వరుసలో ఉంటే కొలత దారితప్పుతుంది.

రెండు అంచులూ సమంగా తీర్చే అమరిక స్లైడుకు పనికిరాదు. తెలుగు మాటలు పొడవైనవి. వరుసకు మూడు నాలుగే పడతాయి. వాటిని సాగదీస్తే మధ్యలో గోతులు పడతాయి. ఎడమ అంచు సమంగా, కుడి అంచు వదులుగా ఉంచండి.

6.6 ఒక స్లైడును పరిశీలిద్దాం

కోహీర్ జామ రైతుల సమావేశం కోసం ఎవరో ఒక స్లైడు తయారుచేశారనుకోండి. ఇది అభ్యాసం కోసం నేను అల్లిన నమూనా, అయితే ఇటువంటివి మీరు చూసే ఉంటారు.

శీర్షిక: 'జామ తోటలలో సమగ్ర సస్యరక్షణ యాజమాన్య పద్ధతులు మరియు పాటించవలసిన జాగ్రత్తలు'.

కింద ఎనిమిది అంశాలు: నేల ఎంపిక, రకాలు, ఎరువులు, కొమ్మ కత్తిరింపు, ఎండు తెగులు, పండు ఈగ, నీటి యాజమాన్యం. ఎనిమిదోది ఇది: 'పురుగుమందు పిచికారీ చేసిన తరువాత డబ్బాపై సూచించిన నిరీక్షణ కాలం పూర్తి కాకుండా కాయలు కోయ రాదు'.

విమర్శ చెప్పండి. శీర్షిక రెండు వరుసలు తినేసింది, ఒక్క విషయమూ చెప్పలేదు. అందులోని 'మరియు' తెలుగు వాక్యానికి అవసరం లేని మాట. ఎనిమిది అంశాలకూ ఒకే సైజు, ఒకే చుక్క ఉన్నాయి. రైతుకు ముందే తెలిసిన నేల ఎంపికా, తినేవారి ఆరోగ్యానికి సంబంధించిన హెచ్చరికా సమానమయ్యాయి. ఆ హెచ్చరిక కొలంబియా అంకెలాగే అడుగున ఉంది. దాని 'రాదు' కింది వరుసకు జారింది. జామకాయను తొక్క తీయకుండా కొరికి తింటాం. ఆ కాయ మరునాడే సంతలో ఒక పిల్లవాడి చేతిలో ఉండవచ్చు.

ఇప్పుడు సరిదిద్దుదాం. ఎనిమిది అంశాలకు ఎనిమిది స్లైడ్లు. హెచ్చరికది ఇలా:

మందు కొట్టినంక వెంటనే కాయ కోయవద్దు

డబ్బా మీద రాసిన రోజులు ఆగాలి.
ఆ తరువాతే కోత.

శీర్షికే విషయం చెప్పింది. 'కొట్టినంక' అన్నది ఆ రైతులు మాట్లాడే మాట, చదివేటప్పుడు అడ్డం రాదు. సగానికి పైగా స్లైడు ఖాళీ. ఆ ఖాళీ వృథా కాదు. చూపు మరోచోటికి పోకుండా హెచ్చరిక దగ్గరే నిలపడం దాని పని. ఎన్ని రోజులు ఆగాలన్నది మందును బట్టి మారుతుంది కనుక, అది చెప్పవలసింది డబ్బా చేతిలో పట్టుకున్న మనిషి.

6.7 ఒక అభ్యంతరం

'ఇంత తక్కువ రాస్తే సమాచారం పోదా?' అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. పోదు, చోటు మారుతుంది. వివరాలు కరపత్రంలో ఉండాలి, ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా చదువుకుంటారు. వివరణ మాట్లాడేవారి నోట ఉండాలి. సంఘం రేడియోలో తెర లేదు, ఒక మాట తరువాతే ఇంకో మాట వస్తుంది, అయినా విషయం అందుతుంది. స్లైడు ఆ మాటకు తోడు మాత్రమే.

మరో జాగ్రత్త. తయారుచేసిన కంప్యూటరులో బాగున్న స్లైడు సమావేశంలో గజిబిజిగా మారడం తరచు జరుగుతుంది. యూనికోడ్ కాని పాత ఫాంట్లతో టైపు చేస్తే, ఆ ఫాంటు లేని చోట తెలుగే కనిపించదు. యూనికోడ్ ఫాంటు వాడండి, ఫాంటును ఫైలులోనే పొందుపరచండి. చివరగా, మీ తెర ఎత్తుకు ఆరింతల దూరం నుంచి చదివి చూడండి. ఏడంగుళాల ఎత్తున్న తెరకైతే మూడున్నర అడుగులు. అక్కడి నుంచి చదవలేకపోతే వెనక వరుస కూడా చదవలేదు.

6.8 సారాంశం

స్లైడు కూడా విమర్శకు అర్హమైన రచనే. దాని అమరిక చూపేవారికీ చూసేవారికీ ఉన్న సంబంధాన్ని తెలుపుతుంది. ముఖ్యమైన విషయం అడుగున పడితే అది ఉన్నా లేనట్లే. తెలుగు వత్తులకు, గుడులకు వరుసల మధ్య ఎడం కావాలి. తెలుగు వాక్యంలో 'కాదు', 'వద్దు' చివర వస్తాయి కనుక వరుస విరుపు అర్థాన్నే మార్చగలదు. ఒక స్లైడుకు ఒక విషయం, దాని చుట్టూ ఖాళీ.

6.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'సంఘం షాట్' అన్న భావనను స్లైడు విమర్శకు ఎలా అన్వయించవచ్చు?
2. కొలంబియా స్లైడులో సమాచారం ఉన్నా ఎందుకు అందలేదు? కారణాలు రాయండి.
3. 'రాష్ట్రం–స్త్రీ' పరీక్షను రెండు ఫాంట్లతో చేసి, మీరు గమనించిన తేడాలు రాయండి.
4. మీ ఊరిలో జరిగిన ఏదైనా సమావేశంలో చూసిన ఒక తెలుగు స్లైడును గుర్తుకు తెచ్చుకొని, అందులోని లోపాలను వివరించి, దాన్ని తిరిగి రాయండి. ముందుగా ఈ ప్రశ్నకు జవాబు చెప్పండి: ఆ స్లైడు అందకపోతే నష్టపోయేది ఎవరు?