బండను కదిలించే కేక

బండలాగుడు పోటీ అయిపోయాక ఇంటికి పోయే దారిలో మాటలన్నీ ఎద్దుల మీదే నడుస్తాయి. ఏ ఊరి జత ఎన్ని అడుగులు లాగింది, ఏది మలుపు దగ్గర మొరాయించింది, మొదటి బహుమతి ఎవరికి పోయింది. బరి చుట్టూ నిలబడి గొంతు బొంగురుపోయేదాకా అరిచిన జనం సంగతి ఎవరూ ఎత్తరు. ఆ అరుపుకూ ఒక పద్ధతి ఉంది. దాన్ని ఎత్తుకునేవాళ్ళు, నిలబెట్టేవాళ్ళు, సరైన చోట ఆపేవాళ్ళు ఉన్నారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో ఈ విద్య ఇంకా బతికే ఉంది. నా దృష్టిలో అది ఎద్దుల పెంపకానికి ఏమాత్రం తీసిపోని విద్య.

ఈ నేలను చూస్తే పోటీ ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడి. వాన పడితే కాలు దిగబడిపోతుంది, ఎండితే బెత్తెడు బెత్తెడు నెర్రెలు విచ్చుతుంది. ఈ నేలలో మడక దున్నాలన్నా, గుంటక తోలాలన్నా గట్టి కాడెద్దులు కావాలి. పనిలో సత్తా చూపిన జతను పండగనాడు పదిమంది ముందు నిలబెట్టాలని రైతుకు ఉంటుంది. సంక్రాంతి, శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి, ఊరి తిరునాళ్ళు: సందర్భం ఏదైనా బండ సిద్ధంగా ఉంటుంది. ట్రాక్టర్లు వచ్చి సేద్యం నుంచి ఎద్దును తప్పించాయి. ఒంగోలు జాతి జతలు ఇంకా కొట్టంలో కనిపిస్తున్నాయంటే అందుకు ఈ బరులు ఒక పెద్ద కారణం.

పోటీ లెక్క సులువే. ఎద్దుల పళ్ళను బట్టి విభాగాలు. పాలపళ్ళవి, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి, ఆపైన సీనియర్లు. విభాగాన్ని బట్టి బండ బరువు పెరుగుతుంది. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు లాగితే అంత. బరి చివర దాకా లాగి, ఎద్దులను తిప్పి, మళ్ళీ వెనక్కి లాగించాలి. మైకులో రౌండ్లు, అడుగులు, నిమిషాలు వినిపిస్తూనే ఉంటాయి.

కేకకు మూడు గొంతులున్నాయి. మొదటిది జతను తోలేవాళ్ళది. వలపటెద్దుకు, దాపటెద్దుకు పెంచినవాడి గొంతు తెలుసు. దూడగా ఉన్నప్పటి నుంచి మేత వేస్తూ, నీళ్ళు పెడుతూ, పొలం తోలుతూ పిలిచిన గొంతు అది. వెయ్యి మంది అరుస్తున్నా తనవాడి 'హెయ్' విని చెవి తిప్పే ఎద్దును బరిలో ఎవరైనా చూడవచ్చు. అందుకే పని తెలిసిన తోలేవాడు ఊరికే అరవడు. ఎద్దు మెడ వంచి కాడికి భుజం ఆనించేదాకా నోరు మెదపడు. భుజం ఆనగానే కడుపులోంచి ఒక పొడుగు కేక తీస్తాడు. రెండు ఎద్దులూ ఒక్కసారే కాలు తీయాలి. ఒకటి ముందు, ఒకటి వెనక అయితే కాడి పక్కకు లాగేస్తుంది, బలం సగం వృథా అవుతుంది.

రెండోది పలక. తప్పెట అన్నా, డప్పు అన్నా ఇదే. గుండ్రటి చట్రానికి తోలు బిగించి, కసువు మంట వేసి కాచి, తోలు గణగణమనేదాకా శ్రుతి చేస్తారు. ఒక చేతిలో పొట్టి మందపాటి పుల్ల, ఇంకో చేతిలో సన్నటి పొడుగు పుల్ల. మందపు పుల్ల దెబ్బ వేస్తుంది, సన్నపుల్ల ఆ దెబ్బల మధ్య సందు నింపుతుంది. మెడలో గంటల పట్టెడలు ఘల్లుమంటుండగా జతలను ఊరేగింపుగా తెచ్చేటప్పుడు వాయించేది నడక దెబ్బ. బరి దగ్గర వాయించేటప్పుడు నేర్పరి పలకగాడు ఎద్దు కాలిని చూస్తూ వాయిస్తాడు. కాలు పడే వేగానికి కాస్త ముందు దెబ్బ పడాలి. మరీ ముందుకు పోతే జనం తొందరపడి అరిచేస్తారు, వెనకబడితే ఊపు చస్తుంది. పలక దెబ్బకు చప్పట్లు కలుస్తాయి, చప్పట్లకు ఈలలు కలుస్తాయి. ఈ వరసలో మొదటి దెబ్బ ఎవరిదో జనానికి తెలియకుండానే ఆ దెబ్బ వాళ్ళను నడిపిస్తుంది.

మూడో గొంతు మైకుది. మంచి వ్యాఖ్యాత అంకెలు చదివి ఊరుకోడు. ముందు లాగిన జతకూ ఈ జతకూ ఎన్ని అడుగుల తేడా ఉందో, ఎన్ని సెకన్లు మిగిలాయో చెప్తూ జనాన్ని ఒక్కో మెట్టు ఎక్కిస్తాడు. ఆఖరి నిమిషంలో తన గొంతు తగ్గించి జనం గొంతుకు చోటు ఇచ్చేవాడు నాకు గొప్పవాడు. ఈ మధ్య లౌడ్‌స్పీకర్ పెట్టెలు పేర్చి పాటలు మోగించే చోట్ల ఆ చోటు ఉండడం లేదు. జనం నోళ్ళు తెరిచి చూస్తారు తప్ప అరవరు.

ఎప్పుడు అరవాలన్నదే ఈ విద్యకు గుండెకాయ. నిలిచి ఉన్న బండను కదిలించడానికి పట్టే బలం, కదులుతున్న బండను లాగడానికి పట్టే బలం కన్నా ఎక్కువ. నేలకూ బండకూ మధ్య రాపిడి గుణమే అంత. కాబట్టి కేక అవసరమయ్యేది రెండు చోట్ల: బండ మొదటిసారి కదిలేటప్పుడు, మలుపు తిరిగి మళ్ళీ ఎత్తుకునేటప్పుడు. మధ్యలో బండ సాఫీగా జారుతున్నంతసేపు పలక మెల్లగా నడవాలి, జనం ఊపిరి దాచుకోవాలి. మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరున అరిచే బరిలో ఎద్దుకు ఏ అరుపు దేనికో తెలియదు. నాలుగు రౌండ్లు అయ్యేసరికి మనుషుల గొంతులూ అలిసిపోతాయి.

ఈల సంగతి వేరుగా చెప్పాలి. ఆవులు, ఎద్దుల వినికిడి మనకన్నా పదును. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్‌జ్ దగ్గర ఆగిపోతే పశువు చెవి 35,000 హెర్ట్‌జ్ దాకా అందుకుంటుంది. అది అన్నిటికన్నా బాగా వినేది 8,000 హెర్ట్‌జ్ దగ్గర, అంటే చాలా కీచు స్వరాలను. మనకు హుషారు పుట్టించే కీచు ఈల చెవి పక్కన వేస్తే ఎద్దుకు అది బెదురు. తెలిసినవాళ్ళు ఈల దూరం నుంచే, బరి అంచు దాటకుండా వేస్తారు. దగ్గరి నుంచి ఎద్దుకు వినిపించాల్సింది తోలేవాడి బొంగురు గొంతు ఒక్కటే.

లోకంలో ఇలాంటి విద్య మనకొక్కళ్ళకే సొంతం కాదు. అమెరికాలో మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ అభిమానులు ఆవు మెడగంటలు పట్టుకుని మైదానానికి వస్తారు. ఆ చప్పుడు ఎక్కువైందని వాళ్ళ కాలేజీల కూటమి 1974లో ఇలాంటి సాధనాలను నిషేధించింది. 2010లో షరతులతో మళ్ళీ ఒప్పుకుంది: ఆట సాగుతున్నప్పుడు గంట మోగకూడదు, పాయింటు వచ్చాక, విరామంలో మోగించవచ్చు. న్యూయార్క్ రాష్ట్రం ఇథాకాలోని కార్నెల్ యూనివర్సిటీలో ఐస్ హాకీ ఆటలప్పుడు ఒకరు ఆవుగంట మీద లయ వాయిస్తే స్టాండ్లలోని విద్యార్థులు దానికి జవాబుగా అరుస్తారు. పశువు మెడలోని గంట అక్కడ మనిషి చేతికి వచ్చింది, మన దగ్గర ఇంకా పశువు మెడలోనే ఉంది. అయినా పద్ధతి ఒకటే. ఒక్కరు లయ పడతారు, వేలమంది అందుకుంటారు, ఎప్పుడు ఊరుకోవాలో అందరికీ తెలిసి ఉంటుంది.

ఇక ఎద్దును కొట్టే చర్నాకోల సంగతి. పశువులను హింసించడాన్ని మన దేశంలో 1960 నాటి చట్టం నేరమన్నది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎద్దుబండి పందేలను ఆపింది. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వాటిని అనుమతిస్తూ తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్ట సవరణలను సమర్థించింది. కోర్టుల మాట పక్కన పెట్టినా, బిడ్డలా సాకిన ఎద్దును నిమిషాల లెక్క కోసం కొట్టడం నేను సహించలేను. వాత తేలిన వీపుతో గెలిచిన జత గెలుపు నాకు గెలుపు కాదు. కేక గొప్పతనం ఇక్కడే ఉంది. సరైన వేళ ఎత్తిన కేక కొరడా అవసరాన్ని తగ్గిస్తుంది. గొంతుతో నడిచే ఎద్దును పెంచాలంటే ఏళ్ళు పడుతుంది. దెబ్బతో పరిగెత్తే ఎద్దుకు అంత సాధన అక్కర్లేదు.

ఇంత చేసే పలకగాడికి దక్కేది ఏమిటి? పోటీ కరపత్రం తీసి చూడండి. బహుమతి దాతల పేర్లు, ముఖ్య అతిథుల ఫోటోలు, ఎద్దుల యజమానుల ఊళ్ళు ఉంటాయి. పలక వాయించే జట్టు పేరు వెతికినా కనిపించదు. ఆ తోలు బిగించి, ఆ లయను తరతరాలుగా కాపాడినవాళ్ళు ఎక్కువగా మాదిగలు. పండగలోనూ చావులోనూ వాళ్ళ దెబ్బ లేనిదే ఊరికి గడవలేదు, ఊరు మాత్రం వాళ్ళను అంచునే నిలబెట్టింది. డప్పు కళాకారుల పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 2024లో నెలకు 3,000 నుంచి 4,000 రూపాయలైంది. అది మంచి పనే. కానీ వయసు మీరిన చేతులకు పింఛను వస్తే సరిపోదు, వయసులో ఉన్న చేతులకు బరిలో గౌరవం కావాలి.

వచ్చే పండక్కి కరపత్రం అచ్చువేయించే కమిటీ పెద్దలకు నా మనవి ఇది. ఎద్దుల యజమానుల పేర్ల పక్కన పలక జట్టు వాళ్ళ పేర్లూ, ఊరూ వేయండి. బాగా వాయించిన జట్టును వేదిక మీదికి పిలిచి బహుమతి ఇవ్వండి. కొరడా తగలకుండా, గొంతుతో మాత్రమే తోలిన జతకు మరో బహుమతి పెట్టండి.