జోల - జాబిల్లి : శిశువాక్కు దృష్ట్యా ఒక పరిశీలన

2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో, ఆళ్ళగడ్డ ప్రాంతమున అహోబిలక్షేత్రము కలదు. తాళ్ళపాక అన్నమయ్య (1408-1503) ఇచ్చట ఆదివణ్ శఠకోపయతి సన్నిధిని వేదాంతము నభ్యసించెనని సంప్రదాయము. ఆయన పేర ప్రసిద్ధమైన జోలపాటయు, చందమామను పిలుచు పాటయు తెలుగిండ్లలో నేటికిని వినబడుచున్నవి. జోలను వాత్సల్యమునకు పరాకాష్ఠగా నెన్ని, చందమామ పాటను పసివారి వినోదముగా విడిచిపుచ్చుట కద్దు. శిశువు పక్షమున చూచినచో ఈ తారతమ్యము నిలువదు.

జోల శిశువునకు అర్థము నీయదు, నాదము నిచ్చును. ఆ నాదమును తక్కువగా నెంచరాదు. ఆంగ్లభాషాకుటుంబముల శిశువులు ఆరు, ఎనిమిది నెలల నడుమ హిందీలోని త-ట భేదమును గుర్తింతురనియు, ఏడాది నిండునప్పటికి ఆ శక్తి చాలవరకు సన్నగిల్లుననియు వెర్కర్, టీస్ అను పరిశోధకులు 1984లో ప్రకటించిరి. హిందీ వినుచు పెరుగు శిశువులలో అది నిలిచినది. మనకును 'మాత', 'మాట' అను పదములను వేరుచేయునది ఆ భేదమే. అయినను చెవిని తీర్చునది జోల యొక్కటే యనుట అతిశయోక్తి. ఇంట వినబడు పలుకులన్నిటిలో అది యొక పాలు.

చెవి తీరినంతమాత్రమున వాక్కు రాదు. జోల కోరునది నిద్ర, ప్రత్యుత్తరము కాదు. చందమామ పాటలో తల్లి చేయి చాచి చూపును. శిశువు దృష్టి ఆ చేతినుండి జాబిల్లికిని, జాబిల్లినుండి తల్లి మొగమునకును మరలును. ఇరువురు ఒకే వస్తువును కలిసి చూచుటయే నామకరణమునకు పునాది. అందని వస్తువునకై శిశువు చేయి చాచుననియు, తల్లి దానిని గ్రహించి బదులిచ్చుటచేత ఆ వ్యర్థప్రయత్నమే 'అదిగో' యను సంజ్ఞ యగుననియు రష్యా మనశ్శాస్త్రవేత్త వైగోత్‌స్కీ (1896-1934) వివరించెను. చందమామకంటె అందని వస్తు వేది? ఈ పాట ఆ ఘట్టమును ప్రతి వెన్నెలరాత్రియు నడిపించుచున్నది.

కావున నంద్యాల, ఆళ్ళగడ్డ గ్రామములలో పాటలు సేకరించువారు పదములను మాత్రమే వ్రాసికొనిన చాలదు. శిశువు వయస్సెంత? తల్లి చేయి ఎటు చూపినది? బిడ్డ 'ఊ' కొట్టెనా? ఉర్దూ, తెలుగు రెండును వినబడు ఇంట బిడ్డ ఏ భాషలో బదులు పలికెను? అవ్వ పాడిన చరణము కాగితముపై నిలుచును. బిడ్డ ఇచ్చిన బదులు మరునాటికి మారిపోవును. దానిని విడిచిన సేకరణమున పాటలో సగమే మిగులును.